పాట అయ్యాక ఏం మారింది?

సినిమా హాల్లో పాట మొదలవగానే లేచి బయటికి వెళ్ళేవాళ్ళని మీరూ చూసే ఉంటారు. తీరిగ్గా టీ తాగి తిరిగొచ్చి కూర్చుంటే, కథ వాళ్ళు వదిలిన చోటే ఉంటుంది. ఈ పూట నేను చెప్పబోయే కళలో అలా కుదరదు. అక్కడ పాటకి లేచి వెళ్ళినవాళ్ళకి తర్వాతి సీను అర్థం కాదు. జరగాల్సింది పాటలోనే జరిగిపోయి ఉంటుంది. ఆ కళ పేరు మ్యూజికల్. న్యూయార్క్‌లో బ్రాడ్‌వే, లండన్‌లో వెస్ట్ ఎండ్ నాటకశాలల్లో పెరిగి పెద్దదై, అక్కణ్ణుంచి తెర మీదికి వచ్చింది.

దీని మీద నాకు పాండిత్యం లేదు, అభిమానం ఉంది. అభిమానం ఉన్నచోట పక్షపాతం కూడా ఉంటుంది కనక నా ఇష్టాయిష్టాలు దాచుకోకుండానే మాట్లాడతాను. మీరు మాత్రం ఒక్క ప్రశ్న దగ్గర పెట్టుకోండి. పాట మొదలైనప్పటికీ, ముగిసినప్పటికీ మధ్య ఏం మారింది? మ్యూజికల్‌ని ఆస్వాదించడానికి ఈ ప్రశ్న చాలు. పాశ్చాత్య సంగీతం తెలిసి ఉండాలని లేదు.

నిజానికి ఈ పద్ధతి మనకి కొత్తది కాదు. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాల్లో రాయబారం సీను తలుచుకోండి. అందులోంచి పద్యాలు తీసేస్తే రాయబారమే మిగలదు. కృష్ణుడు నచ్చజెప్పడం, బెదిరించడం, అవతలివాళ్ళు మొండికెయ్యడం అన్నీ పద్యాల్లోనే. హార్మోనియం పక్కన రాగం తీస్తున్నది గాయకుడే అయినా, ఆ రాగంలో యుద్ధం దగ్గరపడుతూ ఉంటుంది.

బ్రాడ్‌వేలో కూడా మొదట్నుంచీ ఇలా లేదు. చాలాకాలం పాట పాటే, కథ కథే. 1927లో జెరోమ్ కెర్న్, ఆస్కర్ హామర్‌స్టీన్ కలిసి చేసిన 'షో బోట్' ఈ రెంటినీ దగ్గరికి తెచ్చింది. 1943లో రిచర్డ్ రోజర్స్ సంగీతంతో అదే హామర్‌స్టీన్ రాసిన 'ఓక్లహోమా!' ఆ కలయికని స్థిరపరిచింది. అప్పటి అలవాటు ప్రకారం తెర లేవగానే అమ్మాయిల బృందం నాట్యం చెయ్యాలి. ఇక్కడ తెర లేస్తే ఒక ముసలావిడ వెన్న చిలుకుతూ ఉంటుంది. లోపలెక్కడి నుంచో ఒక కుర్రాడి పాట వినిపిస్తుంది, అంతే. ప్రేక్షకుల్ని మెప్పించే తొందర లేకుండా, ముందు ఒక ఊరిని పరిచయం చేస్తుంది ఆ పాట.

ఇక నా ఇష్టాల జాబితా. అందులో మొదటి పేరు 'ఫిడ్లర్ ఆన్ ద రూఫ్'. నాటకం 1964లో, నార్మన్ జ్యూయిసన్ తీసిన సినిమా 1971లో వచ్చాయి. షోలెమ్ అలైఖెమ్ యిడ్డిష్ కథలు దీనికి ఆధారం. కాలం 1905 ప్రాంతం, జార్ చక్రవర్తి ఏలుబడిలోని రష్యా. అనతెవ్కా అనే పల్లెలో టెవ్యె అనే పాలవాడు, ఆయన భార్య గోల్డె, అయిదుగురు ఆడపిల్లలు. టెవ్యెకి బండి ఉంది గానీ గుర్రం కుంటుతోంది. ఆ విసుగులోంచి ఆయన తనకే డబ్బుంటేనా అని పాట ఎత్తుకుంటాడు. మొదట పెద్ద ఇల్లు, అక్కర్లేని మెట్లు, వాకిట్లో కోళ్ళూ బాతులూ, నౌకర్ల మీద అజమాయిషీ చేసే భార్య. మనం నవ్వుతూ ఉండగానే కోరిక మెల్లిగా రూపు మార్చుకుంటుంది. చివరికి ఆయన అడిగేది తీరిక. ప్రార్థనాలయంలో కూర్చుని పెద్దలతో పవిత్ర గ్రంథాలు చర్చించుకునేంత తీరిక. డబ్బు మీద ఆశతో మొదలైన పాట చదువు మీద దాహంతో ముగుస్తుంది. కొన్ని నిమిషాల్లోనే మనిషి లోపలిదాకా తెలిసిపోయాడు.

ఇందులోనే ఇంకో పాట ఉంది. రెండో కూతురు తనకి నచ్చినవాణ్ణి చేసుకుంటానంటుంది. పెళ్ళికి ప్రేమ కావాలనే కొత్త మాట టెవ్యె తలకెక్కుతుంది. ఇరవై అయిదేళ్ళు కాపురం చేసిన భార్య దగ్గరికి వెళ్ళి, నేనంటే నీకు ప్రేమేనా అని అడుగుతాడు. వాళ్ళిద్దరూ మొదటిసారి ఒకరినొకరు చూసుకున్నది పెళ్ళిరోజునే. ఆవిడకి ముందు కోపం వస్తుంది. బట్టలుతికాను, వంట చేశాను, పిల్లల్ని కన్నాను, ఇప్పుడు ఇదేం ప్రశ్న అంటుంది. ఆ లెక్క చెప్పుకుంటూ చెప్పుకుంటూ, ఇదంతా ప్రేమ కాకపోతే మరేమిటన్న చోటికి తనే వచ్చి ఆగుతుంది. దీనివల్ల రేపటి పనులేవీ మారవని ఇద్దరికీ తెలుసు. అయినా పాతికేళ్ళు నోట రాని మాట నోట వచ్చింది. పెద్దలు కుదిర్చిన పెళ్ళిళ్ళు తెలిసిన మన ఇళ్ళలో ఈ పాటకి వివరణ అక్కర్లేదు. మ్యూజికల్స్‌లో నాకు దీన్ని మించిన ప్రేమగీతం లేదు.

రెండో పేరు 'మై ఫెయిర్ లేడీ'. బెర్నార్డ్ షా 'పిగ్మాలియన్' నాటకాన్ని లెర్నర్, లోవ్ జంట 1956లో మ్యూజికల్ చేశారు. వీధిలో పూలమ్మే ఎలైజాకి పెద్దింటి ఉచ్చారణ నేర్పుతానని భాషాశాస్త్రజ్ఞుడు హిగ్గిన్స్ పందెం కడతాడు. హిగ్గిన్స్‌గా వేసిన రెక్స్ హారిసన్ గాయకుడు కాడు. ఆయన పాటని సగం మాట్లాడతాడు, సగం పాడతాడు. అది లోపమని నేననుకోను. మాటే సర్వస్వమనుకునే మనిషి, రాగానికి లొంగడానికి ఇష్టపడని మనిషి అలాగే పాడాలి. చివర్లో ఎలైజా వెళ్ళిపోయాక ఆయన గొంతు రాగం వైపు కాస్త ఒరుగుతుంది. ఆ ఒరగడంలోనే ఆయన ఓడిపోయాడు.

1964లో ఇది సినిమా అయినప్పుడు, ముందే రికార్డు చేసిన పాటకి పెదవులు కదపనని హారిసన్ పట్టుబట్టాడు. తను ఒక్కోసారి ఒక్కోలా పాడతాడట. టైలో చిన్న వైర్‌లెస్ మైకు దాచి, సెట్ మీదే ఆయన గొంతు రికార్డు చేశారు. ఎలైజా సంగతి వేరు. నాటకంలో ఆ పాత్ర వేసిన జూలీ ఆండ్రూస్‌ని కాదని ఆడ్రీ హెప్బర్న్‌ని తీసుకున్నారు. హెప్బర్న్ పాటలు చాలావరకు మార్నీ నిక్సన్ అనే గాయని పాడింది. ఆ సంవత్సరం ఉత్తమ నటి ఆస్కార్ 'మేరీ పాపిన్స్'కి గాను జూలీ ఆండ్రూస్‌కే వెళ్ళింది.

ఈ మార్నీ నిక్సన్ 'ద కింగ్ అండ్ ఐ'లో డెబొరా కెర్‌కి, 'వెస్ట్ సైడ్ స్టోరీ'లో నటాలీ వుడ్‌కి కూడా పాడింది. మూడు సినిమాల్లోనూ ఆమె పేరు తెర మీద వెయ్యలేదు. అప్పట్లో అక్కడ ఒకరికి ఇంకొకరు పాడటం గుట్టుగా ఉంచాల్సిన విషయం. మనకో, ఘంటసాల, సుశీల పేర్లు తెలియని ఇల్లుండదు. అంతేకాదు, 1957లో వచ్చిన 'మాయాబజార్'లో మనవాళ్ళు ఆ అరువు గొంతుతోనే కథ చెప్పారు. శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడు తన పెళ్ళి సంబరం పాడుతూ ఉంటే, సావిత్రి ముఖంలోంచి సుశీల గొంతుతోపాటు మధ్యలో ఘంటసాల గొంతు దూసుకొస్తుంది. లోపలున్నదెవరో మనకి మళ్ళీ గుర్తు చేస్తుంది. హాలీవుడ్ దాచిపెట్టిన దాన్ని మనం హాస్యంగా వాడుకున్నాం. ఈ విషయంలో నా ఓటు నిస్సందేహంగా మనకే.

మూడోది 'వెస్ట్ సైడ్ స్టోరీ'. నాటకం 1957లో వచ్చింది. లియొనార్డ్ బెర్న్‌స్టైన్ సంగీతం, స్టీఫెన్ సాండ్‌హైమ్ పాటలు, జెరోమ్ రాబిన్స్ నాట్యం. రోమియో జూలియట్ కథ న్యూయార్క్ వీధుల్లో, రెండు కుర్రముఠాల మధ్య జరుగుతుంది. ఇందులో అమెరికా మీద ఒక పాట ఉంది. దాని నడక చేత్తో వేసి చూడండి. ఆరు మాత్రల్ని ముందు మూడేసి చొప్పున రెండుసార్లు: ఒకటి రెండు మూడు, ఒకటి రెండు మూడు. వెంటనే అవే ఆరింటిని రెండేసి చొప్పున మూడుసార్లు: ఒకటి రెండు, ఒకటి రెండు, ఒకటి రెండు. ఇదే మళ్ళీ మళ్ళీ వస్తుంది. కాలు ఒకచోట నిలవదు. పోర్టోరికో నుంచి వలస వచ్చిన మనుషుల పాట అది. ఊరు వదిలి వచ్చినవాళ్ళ మనసు అటూ ఇటూ ఊగడం ఆ తాళంలోనే ఉంది.

నాటకంలో ఈ పాట ఆడపిల్లలే పాడతారు. 1961 సినిమాలో మగపిల్లల్ని ఎదురు నిలబెట్టి వాదనగా మార్చారు. ఆడపిల్లలు అమెరికా సుఖాలు చెబితే, మగపిల్లలు అక్కడి అవమానాలు చెబుతారు. నాటకం కన్నా సినిమాలోనే ఈ పాట బలంగా ఉందని నా అభిప్రాయం. అలాగే కొట్లాటకి ముందు వచ్చే పాటలో రెండు ముఠాలు, అనీటా అనే అమ్మాయి, ప్రేమికులు టోనీ, మరియా ఒకే రాత్రి కోసం ఎదురుచూస్తూ అయిదు దారుల్లో ఒకేసారి పాడతారు. అయిదుగురు ఒక్కసారి మాట్లాడితే గోల. పాడితే మాత్రం ఎవరి ఆశ వాళ్ళదిగా వినిపిస్తుంది. మామూలు నాటకానికి లేని ఈ శక్తి మ్యూజికల్‌కి ఉంది.

'సౌండ్ ఆఫ్ మ్యూజిక్' మీలో చాలామంది చూసే ఉంటారు. 1959 నాటకంలో, కథానాయిక మరియా తనకిష్టమైన వస్తువుల పాటని మఠంలో పెద్ద సన్యాసినితో కలిసి పాడుతుంది. 1965 సినిమాలో స్క్రీన్‌ప్లే రచయిత ఎర్నెస్ట్ లేమన్ దాన్ని ఉరుములకి భయపడి మంచం ఎక్కిన పిల్లల దగ్గరికి తెచ్చాడు. పాట అదే. కానీ ఇప్పుడు దానికో పని దొరికింది. పాట మొదట్లో ఆమె కొత్త పంతులమ్మ, చివరికి పిల్లల మనిషి. ఎడెల్వైస్ పూల పాట సంగతీ చూడండి. సినిమాలో పిల్లల తండ్రి కెప్టెన్ మొదట ఇంట్లో పాడితే వాళ్ళకి పాత తండ్రి తిరిగొస్తాడు. చివర్లో నాజీ అధికారుల ముందు పాడితే అదే పాట దేశానికి వీడ్కోలవుతుంది. దాన్ని ఆస్ట్రియా జానపదగీతం అనుకునేవాళ్ళున్నారు. అది ఈ నాటకం కోసం రాసిందే. హామర్‌స్టీన్ చివరి పాట కూడా అదే. 1960లో ఆయన చనిపోయాడు.

నచ్చనిది కూడా చెప్పాలి. 2012 'లే మిజెరాబ్ల' సినిమాలో నటులు చెవిలో పియానో వింటూ సెట్ మీదే పాడారు. ఆన్ హాథవే పాట ఒకటి ఆ పద్ధతికి పూర్తిగా న్యాయం చేసింది. కానీ సినిమా పొడుగునా కెమెరా మొహాల మీదే వాలుతూ ఉంటే, ఆ కథకి ప్రాణమైన జనసమూహం నాకు అందలేదు. రంగస్థలం మీద గుంపు గుంపుగానే కనిపిస్తుంది. ఇక్కడ నా ఓటు నాటకానికే.

నా ప్రశ్నకి లొంగని మ్యూజికల్ కూడా ఒకటుంది. బాబ్ ఫాసీ 1972లో తీసిన 'క్యాబరే'. నాజీలు బలపడుతున్న బెర్లిన్‌లో ఒక నైట్‌క్లబ్. పాటలన్నీ ఆ వేదిక మీదే, పాత్రల్లో మార్పేమీ తేవు. ఒక్క పాట మాత్రం క్లబ్బు దాటి ఆరుబయట వస్తుంది. ఒక అందమైన కుర్రాడు తియ్యగా పాడుతూ ఉంటాడు. కెమెరా కిందికి దిగితే అతని చేతికి నాజీ పట్టీ. చుట్టూ ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే లేచి గొంతు కలుపుతారు. ఇక్కడ మారింది పాత్ర కాదు, పాటని మెచ్చుకుంటున్న మనం. రాగం బాగుందని తల ఊపినందుకు సిగ్గుపడతాం. అందుకే ఇది నా జాబితాలోంచి పోదు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి నా సలహా: ముందు 'ఫిడ్లర్' చూడండి, తర్వాత 'వెస్ట్ సైడ్ స్టోరీ', ఆ తర్వాతే 'క్యాబరే'. కింద అక్షరాలు పడేలా పెట్టుకోవడానికి మొహమాటపడకండి. పాటలో మాటలు తెలియకపోతే సగం కథ పోయినట్టే. చూశాక ఒక పాట ఎంచుకుని, దాన్ని దాటేసి ముందు సీను, తర్వాతి సీను మాత్రమే మళ్ళీ చూడండి. రెండూ అతికితే ఆ పాట అలంకారం. అతకకపోతే అదే అసలు సీను. ఈ పరీక్ష మీకిష్టమైన తెలుగు సినిమాలకీ పెట్టండి. ఏవి నెగ్గుతాయో, ఏవి ఓడిపోయినా మీరు వదులుకోలేరో తేలుతుంది. ఆ రెండో రకం నాకూ చాలానే ఉన్నాయి.