పడవ యింజనులు — మద్యసారము కలసిన పెట్రోలు



నేఁడు మన బంకులలో దొరకు పెట్రోలు ఒట్టి పెట్రోలు కాదు. అందు మద్యసారము కలసియున్నది. దీనినే ఎథనాలు అందురు. చెఱకు మడ్డిని, నూకలను, మొక్కజొన్నను పులియఁబెట్టి, ఆవిరిపట్టి దీనిని తీయుదురు. మన దేశమున 2003వ సంవత్సరమునఁ గొన్ని రాష్ట్రములలో నూటికి 5 పాళ్లుగా మొదలైన యీ కలయిక 2022 జూను నాఁటికి 10 పాళ్లయ్యెను. 2023 ఫిబ్రవరిలో 20 పాళ్ల పెట్రోలు అమ్మకమునకు వచ్చెను. 2025 నాఁటికి అది దేశమంతట వ్యాపించెను. పరదేశముల ముడినూనె కొనుగోలు తగ్గుననియు, రైతునకు నాలుగు రూకలు చేరుననియు ప్రభుత్వమువారి యుద్దేశము. దానిపైఁ దగవు పెట్టుట నా పని కాదు. పడవ యింజనునకు దీనివలనఁ గలుగు చిక్కులను, వానిని తప్పించుకొను దారిని మాత్రమే చెప్పఁదలఁచితిని. మన తీరమున డీజెలుతో నడచు పడవలు చాలఁ గలవు. వానికి ఈ మాటలతో నిమిత్తము లేదు. పడవ వెనుక బల్లకుఁ దగిలించు పెట్రోలు మోటారు గలవారు వినవలెను.

ఇదే పెట్రోలు పోసికొని కార్లు సుఖముగాఁ దిరుగుచున్నవి గదా, పడవకే యేల కీడు అని మీరడుగవచ్చును. కారు టాంకు మూసియుండును. అందలి పెట్రోలు వారము పదిదినములలో ఖర్చగును. పడవ నీటిపై నుండును, దాని టాంకు మూఁతకు గాలి రంధ్రముండును, పనిలేని దినములలో అందలి పెట్రోలు నెలల తరబడి కదలక యుండును. చిక్కంతయు ఇచ్చటనే యున్నది.

మద్యసారమునకు పెట్రోలుతోఁ జుట్టఱికము మాత్రమే, నీటితోనో, ప్రాణస్నేహము. ఒట్టి పెట్రోలులో నీరు పడినచోఁ గలియక అడుగునఁ బూసలవలె నిలుచును. మద్యసారము కలసిన పెట్రోలు కొంత నీటిని తనలోఁ గలుపుకొనును. 10 పాళ్లదైనచో, 15 డిగ్రీల వేఁడిమియొద్ద, లీటరునకు సుమారు 5 మిల్లీలీటర్లు, అనఁగా ఒక చిన్న చెంచాఁడు నీటిని భరించును. 20 పాళ్లది మఱికొంత యెక్కువ భరించును. అంతవఱకుఁ గీడు లేదు. ఆ కొద్ది నీరు పెట్రోలుతోఁబాటు యింజనులోనుండి సాగిపోవును. కాని ఆ హద్దు దాఁటెనా, లేక చలికి హద్దే తగ్గెనా, మద్యసారము పెట్రోలును విడిచి నీటితోఁగూడి అడుగునకు దిగును. అప్పుడు టాంకులో రెండు పొర లేర్పడును. ఎంత కుదిపినను, పైనఁ గొత్త పెట్రోలు పోసినను ఆ కాపురము మరల సరిగాఁ గుదురదు. పైపొరకుఁ గూడ సత్తువ తగ్గును. దానితో నడపిన యింజను లోపల టకటక కొట్టుకొనును.

యింజనునకుఁ బెట్రోలు నందించు గొట్టము మొదలు టాంకు అడుగుననే యుండును. కావున మొదట పీల్చఁబడునది ఆ క్రింది పొరయే. దానితో యింజను ఆగిపోవుట ఒక నష్టము. నూనె కలిపి నడుపు పాఁత రెండు స్ట్రోకుల మోటారులో అంతకంటె గొప్ప నష్టము గలదు. ఆ నూనె పైపొరలోనే యుండిపోవును; క్రింది పొరలోనికి రాదు. నూనెలేని నీటిసారమును పీల్చిన యింజను ఏమాత్రము తిరిగినను పిస్టను పట్టివేయును.

మన తూర్పు తీరమున ఏప్రిల్ 15 మొదలు జూను 14 వఱకు, 61 దినములు, మోటారు పడవల వేఁట నిషేధము. సగము పెట్రోలుతో టాంకును పాకలోఁ బెట్టి మఱచువారే పెక్కుమంది. పగటి యెండకు టాంకు ఊపిరి విడుచును, రాత్రి చల్లఁబడఁగానే ఉప్పుగాలిని లోనికిఁ బీల్చును. గాలి తేమ యొక్కటియే టాంకును చెఱచునని కొందఱందురు గాని యది కొంత అతిశయోక్తి. ఆ పని మిక్కిలి నెమ్మదిగా జరుగును. రబ్బరు పోయిన మూఁతగుండ దిగు వాననీరు, తడి డబ్బాతోఁ బోసిన పెట్రోలు, ఇవి పెద్ద దొంగలు. నిషేధము ముగిసిన నాఁడు అందఱును ఒక్కసారి బయలుదేరుదురు. కార్బురేటరులో మిగిలిన మంచి పెట్రోలుతో మోటారు అంటుకొనును, కొంతదూరము చక్కఁగా నడచును. సరిగా మొగలోనికి వచ్చునప్పటికి క్రింది పొర వచ్చి మోటారు ఆగును. మొగలో మోటారు ఆగిన పడవ అడ్డము తిరుగును. అడ్డము తిరిగిన పడవను కెరటము బోర్లించును. ఇఁక ఆ పిమ్మటి మాట చెప్పనేల?

మద్యసారము కరగించు గుణము గలది. టాంకులోను గొట్టములలోను ఏండ్ల తరబడి పేరుకొన్న మడ్డిని ఊడఁదీసి ఫిల్టరునకుఁ జేర్చును. పాఁత రబ్బరు గొట్టములను, వాచరులను ఉబ్బించి పగిలించును. నీటితోఁ గూడినప్పుడు కార్బురేటరులోని అల్యూమినియమును తిని తెల్లని పొడి చేయును. పెట్రోలుకొఱకు అమర్చిన కార్బురేటరునకు ఈ మిశ్రమము పలుచనగును, యింజను వేఁడెక్కును.

అమెరికాలో ఈ సంగతి మనకంటె ముందే తెలియవచ్చినది. 2004లో న్యూయార్కు, కనెక్టికట్టు రాష్ట్రములలో పెట్రోలులో వేయు వేఱొక రసాయనమును నిషేధించి మద్యసారమును తెచ్చిరి. ఆ తీరములయందు పాఁత పడవల ఫైబరు టాంకులలోని లక్కవంటి పదార్థము కరఁగి, నల్లని జిగురై యింజను వాల్వులకు అంటుకొనెను. మన టాంకు ప్లాస్టిక్కుదైనచో ఆ భయము లేదు. 2010, 2011 సంవత్సరములలో 15 పాళ్ల పెట్రోలును 2001 మొదలు తయారైన కార్లకు అనుమతించిన ఆ ప్రభుత్వమే పడవలకు దానిని కూడదనెను. 2011లో వెలువడిన పరీక్షలలో 15 పాళ్ల పెట్రోలుతో పూర్తి వేగమున నడపిన ఒక పెద్ద మోటారు వాల్వులు బీఁటలువాఱెను. వేఱొకదాని బేరింగు విఱిగెను. రెండవదానికిఁ గారణము మద్యసారమే యని పరీక్షించినవారు తేల్చి చెప్పలేదు. పలు కంపెనీలవారు తమ పడవ మోటార్లకు 10 పాళ్లకు మించరాదని పుస్తకములలో వ్రాసియున్నారు. మనకు దొరకునదో, 20 పాళ్లది. కాఁబట్టి కొనునపుడే ఆ పుస్తకమును చదివింపుఁడు.

దూరపు లెక్కయు మాఱును. మద్యసారమునందు వేఁడిమి పెట్రోలుకంటె మూఁడవవంతు తక్కువ. పూర్వము 20 లీటర్లతోఁ బోయి వచ్చిన దూరమునకు ఇప్పుడు ఇంచుమించు 21½ లీటర్లు కావలెను. గాలి యెదురైనపుడు ఈ లీటరున్నరయే తీరము.

చేయవలసిన పనులు కష్టమైనవి కావు. నిషేధమునకు ముందు టాంకు ఖాళీచేసి, ఆ పెట్రోలును మోటారుసైకిలులోఁ బోసి ఖర్చుపెట్టుఁడు. మోటారును మంచినీటిలో నడపుచు గొట్టము ఊడఁదీసి, కార్బురేటరులోనిది అయిపోయి తనంతఁ దానే ఆగువఱకు ఉంచుఁడు. నీటిని వేఱుచేయు ఫిల్టరును టాంకునకును మోటారునకును నడుమ నమర్చుఁడు. కొత్తలో దానిని తఱచుగా మార్చవలసి వచ్చును. అనుమానము గలిగినపుడు టాంకు అడుగునుండి గాజుసీసాలోనికిఁ గొంచెము తీసి వెలుగునఁ జూడుఁడు. పొర యున్నచో గీఁతవలెఁ గనఁబడును.

ఎన్ని పాళ్లున్నవో చూడవలెనన్న బడిలోని కొలగొట్టముతోఁ జూడవచ్చును. 10 మిల్లీలీటర్ల నీరు, 90 మిల్లీలీటర్ల పెట్రోలు పోసి, మూసి కుదిపి, కదపక నిలుపుఁడు. క్రింది పొర సుమారు 19 అయినచో 10 పాళ్లది, 28 అయినచో 20 పాళ్లది. నిప్పు దాపున లేకుండ, ఆరుబయట, పెద్దల యెదుట మాత్రమే చేయవలెను.

వేఁట మొదలైన నాఁడు మొగ దాఁటకముందు ఒడ్డువెంబడిఁ బదునైదు నిమిషములు మోటారును నడపి చూడుఁడు. కార్బురేటరులోనిది యయిపోయి టాంకులోనిది వచ్చునప్పటికి దాని గుణము తెలియును. తెడ్లు, లంగరు పడవలోనే యుండవలెను.