కొత్త చేపలు ఎందుకలా చేస్తాయి?



ఇప్పుడు పట్నంలో ఏ ఇంటికి పేరంటానికి వెళ్ళినా, ముందుగదిలో ఓ గాజుతొట్టి, అందులో నాలుగు ఎర్రచేపలు కనిపిస్తున్నాయి. పిల్లలు ముచ్చటపడతారు, మనం కొనిస్తాం. వారం తిరిగేసరికి ఆ చేపలు ఏదో తేడాగా తిరగడం మొదలుపెడతాయి. వాటికేమయిందో చెప్పమని పిల్లలు మనల్నే అడుగుతారు గాని, నాన్నగారి జోలికి పోరు! ఇవాళ ఆ సంగతే ముచ్చటిద్దామని వచ్చాను.

మాది పెన్న ఒడ్డున సంగం. ఆనకట్ట మీంచి నీళ్ళు దూకే చప్పుడు వింటూ పెరిగినదాన్ని, చేపల గురించి నాకొకరు చెప్పాలా అని లోపల కాస్త గర్వం కూడా ఉండేది. మా చిన్నమ్మాయి పుట్టినరోజుకి నెల్లూరులో రెండు గోల్డ్ ఫిష్‌లు, ఓ గుండ్రటి గాజుగిన్నె కొనుక్కొచ్చాం. మొదటి రోజు రెండూ ఓ పక్కకి నక్కి కూర్చున్నాయి. మేత ముట్టలేదు. అది సహజమే. కొత్తకోడలు వచ్చిన రోజే ఇల్లంతా కలయతిరుగుతుందా? మూడో రోజుకి సర్దుకున్నాయి. అయిదో రోజునుంచి మాత్రం అస్తమానం పైకొచ్చి నోళ్ళు తెరుస్తూ మూస్తూ ఉన్నాయి. “అమ్మా, వాటికి ఆకలేస్తోందే” అంది పిల్ల. పాపం నిజమే కాబోలనుకుని ఇద్దరం పోటీలుపడి మేత చల్లాం. ఎనిమిదో రోజు పొద్దున్నే ఒకటి వెల్లకిలా తేలింది. పిల్ల ఆ పూట బడికి పోలేదు.

సాయంత్రం మా తమ్ముడు వచ్చాడు. వాడు ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటలు చేస్తాడు. మిగిలినదాన్ని చూస్తూనే, “అది ఆకలి కాదక్కా, ఆయాసం. తెల్లవారుజామున గుంటలో రొయ్యలు పైకి తేలితే మేం మేత తీసుకుని పోతామా? ఏరేటర్లు ఆడించడానికి పరుగెత్తుతాం” అన్నాడు.

“నీళ్ళు తేటగానే ఉన్నాయి గదరా” అన్నాను.

“తేటగా ఉంటే మంచివని ఎవరు చెప్పారు?” అన్నాడు.

వాడు చెప్పింది ఇదీ. చేప మొప్పల్లోంచి, దాని మలంలోంచి, తినకుండా వదిలేసిన మేత కుళ్ళడంవల్ల నీటిలో అమ్మోనియా చేరుతుంది. కంటికి కనిపించదు గాని చేపకి విషం. పెన్నలో అయితే పారే నీరు, ఇసుక, నాచు. అక్కడుండే బాక్టీరియా దాన్ని ఎప్పటికప్పుడు విరిచేస్తుంది. కొత్త తొట్టిలో ఆ బాక్టీరియా ఇంకా పుట్టి ఉండదు. అది నిలదొక్కుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. తోడు వెయ్యని పాలు పెరుగవుతాయా? ఇదీ అంతే. ఆరోగ్యమైన చేపలున్న పాతతొట్టి ఎవరింట్లోనైనా ఉంటే, వాళ్ళ ఫిల్టరులోని స్పాంజి ముక్క ఒకటి అడిగి తెచ్చుకోండి. అదే తోడు. దాన్ని కొళాయి కింద మాత్రం కడక్కండి సుమా! కొళాయి నీళ్ళలోని క్లోరిన్ ఆ బాక్టీరియాను చంపేస్తుంది. తొట్టిలోంచి తీసిన నీళ్ళలోనే పిండాలి.

ఆ క్లోరిన్ చేప మొప్పలకీ మంటే. బకెట్టులో పట్టి మూత లేకుండా ఓ రోజంతా ఉంచితే చాలావరకు పోతుంది. తమ్ముడు ఆ సాయంత్రం గిన్నెలో మూడోవంతు నీళ్ళు తోడేసి, ముందురోజు పట్టి ఉంచిన బిందెలో నీళ్ళు చెంబుతో కాస్త ఎత్తునుంచి మెల్లిగా పోశాడు. రెండు రోజులు మేత మాన్పించాడు. నాకు ప్రాణం ఒప్పలేదు గాని, చేప రెండు రోజుల పస్తుకి చావదట. అసలు గోల్డ్ ఫిష్‌కి మనకున్నట్టు జీర్ణాశయమే లేదు. రెండు నిమిషాల్లో తినగలిగినంతే వెయ్యాలి.

రెక్కలు ఒంటికి అంటించుకుని అడుగున పడి ఉన్నా, రాళ్ళకి ఒళ్ళు రుద్దుకుంటున్నా ముందు నీళ్ళనే అనుమానించండి. ఒంటిమీద ఉప్పురవ్వల్లా తెల్లచుక్కలు కనిపిస్తే మాత్రం అది జబ్బు, మందు వెయ్యవలసిందే.

బెంగుళూరులో ఉన్న మా అక్క కూతురు యాక్సొలాటల్ అనే జీవిని పెంచుతోంది. మెక్సికో నగరంలోని సొచిమిల్కో కాలువలది. బల్లిలా నాలుగు కాళ్ళు, తలకి రెండువైపులా ఈకల్లాంటి మొప్పలు. తెచ్చిన వారానికే తిండి మానేసి, తోక కొస వంకర తిప్పుకుని, మొప్పలు ముందుకి వంచుకుందట. “పిన్నీ, ఏం చెయ్యను?” అని ఫోను. మళ్ళీ నీళ్ళే! దానికి 16 నుంచి 18 డిగ్రీల చల్లదనం కావాలి. నీళ్ళు వేడెక్కినకొద్దీ వాటిలో ప్రాణవాయువు తగ్గిపోతుంది. అది విని మా పిల్ల తనకీ ఒకటి కావాలంది. నెల్లూరు రోహిణీకార్తెలో దాన్నెక్కడ దాచను తల్లీ అన్నాను.

మా రెండో చేప బతికింది. గుండ్రటి గిన్నె అటకెక్కింది, వెడల్పాటి పెద్దతొట్టి, గాలిపంపు వచ్చాయి. రాత్రిళ్ళు కరెంటు ఖర్చని పంపు ఆపబోతే పిల్ల ఊరుకోదు. నేను దగ్గరకెళితే చేప ఇప్పటికీ పైకొచ్చి నోరు తెరుస్తుంది. ఆయాసమైతే మనిషి ఉన్నా లేకపోయినా పైనే ఉంటుంది. ఇది నన్ను చూసి వస్తుంది, నాలుగు పలుకులు వేశానా, తిని కిందికి పోతుంది.