మోకాళ్ళ నొప్పులు – పాడి పని

(పాల ఉత్పత్తిదారుల సహకార సంఘం సర్వసభ్య సమావేశంలో మహిళా సభ్యుల తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పశువుల జబ్బుల గురించి ఏటా ఈ వేదిక మీద మాట్లాడుకుంటూనే ఉన్నాం. గాలికుంటు టీకా ఎప్పుడు వేయించాలో, పొదుగువాపును ఎలా పోల్చుకోవాలో మనలో చాలామందికి కంఠతా వచ్చు. ఆ పాలు పితికే మనిషి మోకాళ్ళ గురించి మాత్రం ఇక్కడ ఎవరూ మాట్లాడగా మేము వినలేదు. అందుకని మా సంఘంలో మోకాళ్ళ నొప్పులు ముదిరిన ఎనిమిదిమందిమి కూర్చుని ఈ నాలుగు మాటలూ రాసుకు వచ్చాం. చదివేది ఒకరే అయినా మాట ఎనిమిదిమందిదీ. మేము డాక్టర్లం కాము. డాక్టర్లను, ఫిజియోథెరపీ చేసేవారిని అడిగి తెలుసుకున్నదీ, మా ఒళ్ళు మాకు నేర్పినదీ చెబుతున్నాం.

మన పని ఎలాంటిదో ఒకసారి చూడండి. తెల్లవారుజామున ఒకసారి, సాయంత్రం ఒకసారి గొంతుకూర్చుని పితకాలి. ఆ తరువాత పేడ ఎత్తాలి, కుడితి గోళెం మొయ్యాలి, గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని గట్ల మీద నడవాలి. గొంతుకూర్చున్నప్పుడు మోకాలి మీద పడే ఒత్తిడి నడిచేటప్పటికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ముప్పయి నలభై ఏళ్ళు ఇలా చేశాక ఎముకల చివర ఉండే మెత్తటి పొర పలచబడుతుంది. దాన్నే మనం గుజ్జు అరిగింది అంటాం. పని ఒక్కటే కారణం కాదు. వయసు, ఒంటి బరువు, పాత దెబ్బలు, వంశం అన్నీ కలుస్తాయి. ఇంకొక సంగతి. ఎక్స్‌రేలో అరుగుదల ఎక్కువ ఉన్నవాళ్ళకు నొప్పి కూడా అంతే ఎక్కువ ఉండాలని లేదు. మా ఎనిమిదిమందిలో అందరికంటే చెడ్డ ఎక్స్‌రే ఉన్నావిడ ఇప్పటికీ చెరువుగట్టు దాకా నడిచి వస్తుంది. కాబట్టి ఫిలిం చూసి గుండె చెదరగొట్టుకోవద్దు.

ఇక అసలు విషయానికి వస్తాం. మోకాళ్ళ నొప్పులకు వ్యాయామమే మొదటి మందు అని ఇప్పుడు డాక్టర్లందరూ చెబుతున్నారు. నిజమే. తొడ ముందు కండరం గట్టిపడితే కీలు మీద భారం తగ్గుతుంది. కానీ వ్యాయామం మొదలుపెట్టగానే నొప్పి పెరిగితే ఏం చెయ్యాలో ఎవరూ విడమరచి చెప్పరు. చిక్కంతా అక్కడే వస్తున్నది.

మాలో ఒకామెకు యాభై ఎనిమిదేళ్ళు. రెండు గేదెలు, ఇంట్లో మరో చెయ్యి లేదు. పట్నంలో ఒక ఫిజియోథెరపీ కేంద్రానికి వెళ్ళింది. అక్కడ అందరికీ ఒకటే వరుస. సగం వంగి లేవడం, మెట్లెక్కి దిగడం, కాలికి బరువు కట్టి ఎత్తడం, అన్నీ మొదటి రోజే చేయించారు. బస్సు దిగి ఇంటికి వచ్చేసరికి మోకాలు గుమ్మడికాయ అయింది. మూడో రోజు సాయంత్రం గేదె దగ్గర కూర్చున్నది లేవలేక గుంజ పట్టుకుని ఏడ్చింది. అదే కేంద్రంలో, ‘నొప్పి వస్తేనే గుణం, ఓర్చుకోవాలి’ అన్నారట. ఆమె వెళ్ళడం మానేసింది. ఆ వారంలోనే గేదెల బేరగాడికి కబురు పెట్టింది. పాల బిల్లు మీదనే ఆ ఇంటి ఉప్పూ పప్పూ, మనుమడి ఫీజూ నడుస్తున్నాయి. ఆ సంగతి తెలిసే మేము ఆమె ఇంటికి వెళ్ళాం.

నొప్పి వచ్చిందని పూర్తిగా మానడం ఒక దారి, పళ్ళ బిగువున చెయ్యడం ఇంకొక దారి అని మనకు తోస్తుంది. రెండూ కావు. దాణా సంగతి మీకందరికీ తెలిసిందే. ఈనిన గేదెకు ఒక్కసారిగా రెండు కిలోల దాణా పెంచితే పారుకుంటుంది, మేత మానేస్తుంది. అంతమాత్రాన ఇక జన్మలో దాణా పెట్టనని ఎవరైనా అంటారా? తగ్గించి, కొద్దికొద్దిగా అలవాటు చేస్తారు. మోకాలికీ అంతే. మందు చెడ్డది కాదు, మోతాదు మించింది.

మోతాదు మించిందో లేదో తెలుసుకోవడానికి ఒక కొలత చెప్పారు. అది మాకు బాగా పనికివచ్చింది. అసలు నొప్పి లేకపోతే సున్న, భరించలేనిదైతే పది అనుకోండి. వ్యాయామం చేసేటప్పుడు నాలుగు దాకా రావచ్చు, దానికి భయపడనక్కర లేదు. మర్నాడు పొద్దున పాలు పితికే వేళకు నొప్పి ఎప్పుడూ ఉండే మట్టానికి దిగాలి. దిగకపోయినా, మోకాలు వాచినా ఆ ముందురోజు చేసింది ఎక్కువైందన్నమాట. సగానికి తగ్గించాలి, లేదా ఆ రకం మానేసి వేరే రకం అడగాలి. ఈ సంగతి ఫిజియోథెరపీ చేసేవారికి చెప్పకుండా మానేస్తే వారికి తెలిసే దారి లేదు. పది పేర్లతో పది రకాలు చేయించుకోవడం కన్నా మీకు పడే రెండు రకాలు చాలు.

ఆమెకు వేరొక చోట కొత్త వరుస ఇచ్చారు. వాపు తీసే దాకా నిలబడి చేసేవన్నీ ఆపించారు. మంచం మీద కాళ్ళు చాపుకుని కూర్చుని, మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టి, దాన్ని కిందికి అదిమి అయిదు అంకెలు లెక్కపెట్టి వదలడం, పూటకు పదిసార్లు. కొన్నాళ్ళకు వెల్లకిలా పడుకుని ఒక కాలు మడిచి, రెండో కాలు చాచినట్టే జానెడెత్తు లేపి దించడం. ఆ తరువాతనే ఎత్తు మంచం మీద నుంచి చేతుల ఆసరాతో లేచి కూర్చోవడం. వాపు ఉన్నప్పుడు చల్లటి గుడ్డ, వాపు లేక బిగుసుకున్నప్పుడు వేడినీళ్ళ కాపడం. గుణం కనిపించడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుందని ముందే చెప్పారు. ఆమెకు తొమ్మిదో వారంలో తేడా తెలిసింది. నొప్పి పోలేదు. పదికి ఏడు ఉండేది నాలుగుకు వచ్చింది. బేరగాడికి ఒక గేదెను మాత్రం ఇచ్చింది, రెండోది ఇంకా ఉంది.

అయితే ప్రతి మోకాలి నొప్పీ అరుగుదల కాదు. పాడి చేసే మనం ఈ మాట గట్టిగా గుర్తుంచుకోవాలి. రాత్రిళ్ళు చెమటలు పట్టి జ్వరం వచ్చి పోతూ, కీళ్ళు, నడుము నొప్పులు ఉంటే అది పశువుల ఈసుడు రోగం మనిషికి అంటినదై ఉండవచ్చు. దాన్నే బ్రూసెల్లోసిస్ అంటారు. ఈసుకుపోయిన దూడనూ మావినీ ఒట్టి చేతులతో తీసినవాళ్ళకూ, పచ్చిపాలు తాగేవాళ్ళకూ ఆ భయం ఉంది. డాక్టరుతో ‘మా ఇంట గేదె ఈసుకుపోయింది’ అని మీరే చెప్పాలి, ఆయన అడగకపోవచ్చు. రక్తపరీక్షలో తేలుతుంది, మందులున్నాయి. అలాగే మోకాలు ఒక్కసారిగా ఎర్రబడి, వేడెక్కి, జ్వరం వస్తే ఆ రోజే ఆసుపత్రికి పోవాలి. పొద్దున గంటకు మించి వేళ్ళూ మణికట్లూ కూడా బిగుసుకుపోతే అది కీళ్ళవాతం కావచ్చు, దాని వైద్యం వేరు. మోకాలు ఇరుక్కుపోయి చాపుకు రాకపోయినా, నడుస్తూండగా కూలబడినా చూపించుకోవలసిందే. ఇవి ఉన్నప్పుడు తువ్వాలు చుట్టలతో కాలక్షేపం చెయ్యరాదు.

మాత్రల గురించి ఒక మాట. నొప్పి మాత్రలు పరగడుపున వేసుకోవద్దు, నెలల తరబడి అడగకుండా వాడవద్దు. కడుపులో పుండు పడుతుంది, మూత్రపిండాలు దెబ్బతింటాయి, రక్తపోటు పెరుగుతుంది. మోకాలికి పైన రాసే డైక్లోఫెనాక్ జెల్లు ముందు వాడి చూడవచ్చు, దానివల్ల కడుపుకు చేటు తక్కువ. ఈ డైక్లోఫెనాకే పశువులకు వాడితే, ఆ కళేబరాలు తిన్న రాబందులు చచ్చిపోతున్నాయని 2006లో మన దేశంలో పశువైద్యానికి నిషేధించారు. ఒక జీవికి పడిన మందు ఇంకొక జీవికి విషమవుతుందనడానికి ఇంతకంటే ఏం కావాలి? కొట్టంలో మిగిలిన పశువుల మందు మోకాలికి పొడిపించుకునేవాళ్ళు కొన్ని ఊళ్ళలో ఉన్నారని విన్నాం, దయచేసి ఆ పని చెయ్యవద్దు. పేరు లేని పొట్లాల మందుతో రెండు రోజుల్లో గుణం కనిపిస్తే అందులో స్టెరాయిడ్ కలిసిందేమోనని అనుమానించాలి. గుజ్జు పెరుగుతుందని అమ్మే గ్లూకోజమైన్ మాత్రలు వద్దని అమెరికా కీళ్ళ వైద్యుల సంఘం 2019లో గట్టిగానే చెప్పింది. ఆ డబ్బుతో తవుడు కొనుక్కోవడం మేలు.

బరువు సంగతి చెబితే కోపం వస్తుంది గాని చెప్పక తప్పదు. ఒంటి బరువు ఒక కిలో తగ్గితే నడిచే ప్రతి అడుగులోనూ మోకాలి మీద దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుందని 2005లో ఒక పరిశోధన తేల్చింది. కర్ర పట్టుకోవడానికి సిగ్గుపడవద్దు. నొప్పి కుడి మోకాలిలో ఉంటే కర్ర ఎడమ చేతిలో పట్టాలి, చాలామంది తిరగేసి పడతారు. పది లీటర్ల క్యాను ఒక చేత మోసే బదులు అయిదేసి లీటర్లవి రెండు చేతులా పట్టుకోండి. నేల మీద బాసింపట్టు మాని కుర్చీ, మరుగుదొడ్డిలో ఎత్తు పీట వాడండి.

పితకడానికి మేము చేసుకున్న ఏర్పాటు ఇది. గేదె నాలుగు కాళ్ళూ పట్టేటంత గట్టు, జానెడు ఎత్తున కట్టించాం. జారకుండా గరుకుగా గీతలు తీయించాం. దాని పక్కన పద్నాలుగు అంగుళాల పీట వేసుకుంటే గొంతుకూర్చోనక్కర లేదు. ఇరవై అంగుళాల కుర్చీ అయితే మోకాలికి ఇంకా హాయే గాని పొదుగు అందలేదు. గేదె మొదటి నాలుగైదు రోజులు చేపలేదు. మనిషి కూర్చునే తీరు మారితే అది కనిపెడుతుంది. అదే వేళకు, అదే మనిషి, దూడను విడిచి, నెమ్మదిగా నిమిరితే దారికి వచ్చింది. చేపడం లేదని ఇంజెక్షను జోలికి మాత్రం పోవద్దు.

ఇవన్నీ చేసినా రాత్రి నిద్రపట్టనంత నొప్పి, పది అడుగులు వెయ్యలేని స్థితి ఉంటే కీలుమార్పిడి గురించి డాక్టరును అడగాలి. అది ఓటమి కాదు. 2017 ఆగస్టులో ప్రభుత్వం కృత్రిమ మోకాలి కీళ్ళ ధరలకు హద్దు కట్టింది గనుక, కీలు ధర విడిగా రాసిన బిల్లు అడిగి తీసుకోండి. ఆపరేషను తరువాత గొంతుకూర్చోవడం కుదరదు కాబట్టి గట్టూ పీటా అప్పటికీ కావాలి. ఆపరేషనుకు ముందు గట్టిపరచుకున్న తొడ కండరం తరువాత లేచి నడవడానికి అక్కరకు వస్తుంది.

చివరగా పాలకవర్గానికి మా విన్నపాలు రెండు. పాల కేంద్రంలో కొవ్వు పరీక్ష అయ్యేదాకా వరుసలో నిలబడలేకపోతున్నాం, గోడ వారగా రెండు బల్లలు వేయించండి. గట్టు కట్టించుకునే సభ్యులకు అయ్యే సిమెంటు ఖర్చును పాల బిల్లులో వాయిదాలుగా విరిచేందుకు ఈ సమావేశంలోనే తీర్మానం చెయ్యండి. పీట నమూనా కార్యదర్శిగారి గదిలో పెట్టాం, వెళ్ళేటప్పుడు కూర్చుని చూడండి.