వాహనశాల యెవరికొఱకు?



హైదరాబాదునుండి నాగపూరునకు బోవు 44వ జాతీయమార్గమును, నిజామాబాదునుండి జగిత్యాలకు బోవు 63వ మార్గమును మన ఆర్మూరుకడ కలియుచున్నవి. పసుపును ఉడుకబెట్టి, ఎండబోసి, మెఱుగుపెట్టి నిజామాబాదు యార్డునకు తరలించు దినములలో ఈ త్రోవలపై ట్రాక్టరు, లారీ, ఆటో, మోటారుసైకిలు ఒకదానినొకటి త్రోసికొనుచుండును. వీని నడుమ కాలినడకను బోవువానికి అడుగు మోపుటకు చోటేది? ఇట్టి పట్టణమునకు ప్రజావాహనశాల కావలెననుటలో వివాదము లేదు. ఎట్టిది కావలెననుటయే ప్రశ్న.

మనవారి చూపు వెంటనే రాజధానివైపు మరలును. నాంపల్లిలో మెట్రో రైలువారి అర ఎకరము నేలలో పదునైదంతస్తుల భవనము లేచినది. అందు పదియంతస్తులు వాహనములకే. కారును వాకిట విడిచిన చాలును. యంత్రమే దానిని పైకెత్తి అరలో నిలుపును. నేల దొరకని నాంపల్లికి అది తగునేమో. కాని యంత్రమునకు ఎడతెగని విద్యుత్తు వలయును, మరమ్మతునకు నిపుణుడు వలయును. ఆ భారమును మన పురపాలకసంఘము తలకెత్తుకొననేల?

భూగర్భపు సెల్లారుల మాట వేఱు. ఢిల్లీ నగరప్రణాళిక లెక్కచొప్పున, మసలు దారితో గూడ, ఒక కారునకు ఆరుబయట 23 చదరపు మీటర్లు చాలును. నేలక్రింద 32 వలయును. పైగా అచట పొగ నిలిచిపోవును. దానిలోని కార్బన్ మోనాక్సైడు వాసనలేని విషము. దానిని వెడలగొట్టుటకు పగలంతయు పంకాలు తిరుగవలెను. నాలుగువైపుల తెఱచియున్న మూడంతస్తుల శాలలో ఆ పని గాలియే చేసిపెట్టును.

నేలయంతస్తు మోటారుసైకిళ్లకును ఆటోలకును విడువవలెను. కార్లు పైకి బోవచ్చును; వానికి మోకాళ్లనొప్పి లేదు గదా! వీథివైపున నీడ, త్రాగునీరు, శుభ్రమైన మరుగుదొడ్లు ఉండవలెను. మెట్లు చీకటిమూలన గాక దారిన బోవువారికి కనబడునట్లు కట్టవలెను. సందెవేళ ఒంటిగా వచ్చిన స్త్రీ వెనుదిరిగి చూచుకొనుచు నడువవలసిన శాల ప్రజాశాల కానేరదు. దివ్యాంగులు చక్రములకుర్చీతో లోనికి రాగలుగుట మన దయ కాదు, 2016 నాటి చట్టమిచ్చిన హక్కు. అంతస్తులు సమతలముగా, తగినంత యెత్తుగా నుండినచో, రేపు కార్లు తగ్గినను సంతకో సరకునిలువకో అక్కఱకు వచ్చును.

ఇంతకును కట్టడముకంటె ముఖ్యమైనది వేఱొకటి కలదు. స్విట్జర్లాండులోని జ్యూరిచి నగరము 1996లో ఒక కట్టడి చేసికొనెను: నగరమధ్యమున వాహనములు నిలుపు చోట్ల సంఖ్య పెరుగరాదు, శాలలో ఒకటి కొత్తగా కట్టినచో వీథిలో ఒకటి తీసివేయవలెను. ఈ కట్టడి లేక మనము శాల గట్టితిమేని యేమగును? శాలయు నిండును, వీథియు నిండును. ఖర్చు మాత్రము పన్నుగట్టు అందఱిది, కారులేనివానిది గూడ.

ఇక రుసుము. 2018లో తెలంగాణ ప్రభుత్వము మాళ్లలోను మల్టీప్లెక్సులలోను మొదటి అరగంటకు రుసుము గొనరాదని ఆజ్ఞాపించెను. మందులు కొనవచ్చిన రైతుకు మన శాలలోను ఆ అరగంట దక్కవలెను. ఉదయమున తెచ్చి దీపాలవేళ గొనిపోవు దుకాణదారు మాత్రము గంటగంటకు చెల్లింపవలెను. వర్తకమిత్రులు కోపింతురేమో! తమ అంగడిముంగిట తమ కారే నిలిచియుండ, బేరమునకు వచ్చినవాడు ఎక్కడ దిగును?

పురపాలకసంఘమువారు నక్షా తీయించిననాడు, ఎన్ని కార్లు పట్టునని అడుగుటకు ముందు, ఏ వీథిలో ఎన్ని గజముల దారి నడచువారికి తిరిగి వచ్చునో అడుగుడు. ఆ లెక్క వ్రాయని నక్షాపై సంతకము పడనీయకుడు.