అమ్మమ్మ చదివిన బొమ్మల పుస్తకం



ఒక ఊళ్ళో ఒకమ్మ రాత్రిబడిలో వాచకం పూర్తి చేసింది. తర్వాత ఆర్నెల్లు పుస్తకం ముట్టలేదు. గుణింతాలు మర్చిపోసాగింది. భయం వేసింది. మనవరాలి బొమ్మల పుస్తకం తీసింది.

"అమ్మమ్మా, అది చిన్నపిల్లలది!" అని మనవరాలు నవ్వింది. ఆమెకు సిగ్గేసింది. అయినా వదల్లేదు. బొమ్మ చూసి మాట పోల్చుకుంది.

తర్వాత గ్రంథాలయంలో పాత చందమామ దొరికింది. 1947లో మొదలైన పత్రిక అది. ఇప్పుడు రావడం లేదు. ఒక్క బేతాళ కథకు మూడు రాత్రులు పట్టింది. బేతాళుడు మళ్ళీ చెట్టెక్కితే ఆమెకు కోపం కూడా వచ్చింది, చూశారా!

ఇప్పుడు 'మాలపల్లి' చదువుతోంది. ఉన్నవ లక్ష్మీనారాయణ గారు 1922లో జైల్లో రాసిన నవల. చాలా పెద్దది. తెలియని మాట వస్తే దాటేస్తుంది. రామదాసు ఇంటి కష్టాలు వస్తే మాత్రం ఆగి, పైకి చదువుతుంది. పక్కన పడుకున్న మనవరాలు "తర్వాత?" అంటుంది.