నిప్పు ఎవరి చేతిలో ఉంది?

(ఇళ్లలో ఉండి చేతిపనులు చేసే స్త్రీల హక్కులపై జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుటి నుంచి బీడీల గురించి, లేసు అల్లకాల గురించి చాలా విషయాలు విన్నాం. నేను వెండి తీగ పని గురించి మాట్లాడతాను. కరీంనగర్‌లో ఆ పని చేసే ఇంట్లో పుట్టి పెరిగాను. ఇప్పుడు ఆడవాళ్లకు నేర్పుతున్నాను. ఈ పనిలో మన శ్రమ ఎక్కడ లెక్కలోంచి జారిపోతుందో, దాన్ని లెక్కలోకి ఎట్లా తేవచ్చో నాకు తెలిసినంత చెప్తాను.

ఇది మొదట ఎలగందుల పని. 1905లో జిల్లా కేంద్రం కరీంనగర్‌కు మారాక పనివాళ్లూ ఇటు వచ్చారు. అత్తరుదానులు, పాన్‌దానులు, పళ్లేలు, నెమళ్లు, గుండీలు, నగలు, అన్నీ సన్నని వెండి తీగతోనే చేస్తారు. 2007లో దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇలాంటిదే అయిన కటక్ తారకసికి 2024లో వచ్చింది. ఊరికి పేరు వచ్చింది, వస్తువుకు పేరు వచ్చింది. ఇంట్లో తీగ చుట్టిన మనిషికి ఏం వచ్చిందన్నది నా ప్రశ్న.

పని ఎట్లా జరుగుతుందో చూడండి. వెండిని మూసలో కరిగించి కడ్డీ పోస్తారు. ఆ కడ్డీని సాగగొట్టి కమ్మచ్చులో, అంటే రంధ్రాలున్న ఉక్కు పలకలో, పెద్ద రంధ్రం నుంచి చిన్న రంధ్రానికి మార్చుకుంటూ లాగుతారు. లాగినకొద్దీ తీగ బిరుసెక్కుతుంది. మధ్యమధ్య కాల్చి మెత్తబరచకపోతే తెగిపోతుంది. సన్నబడ్డాక రెండు తీగలు కలిపి మెలిపెట్టి, కాస్త చదును చేస్తారు. లావు తీగతో చట్రం కట్టి, దాని లోపల ఈ సన్న తీగతో చుట్టలు, రేకులు, ఆకులు నింపుతారు. చివరికి వెలిగారం, అతుకు పొడి వేసి మంట ఊది అతికిస్తారు. తర్వాత శుభ్రం చేసి మెరుగు పెడతారు.

మా ఇంట్లో మెలిపెట్టడం, చుట్టడం, నింపడం, కుంకుడు రసంతో తోమడం అమ్మా, మేం ఆడపిల్లలం చేసేవాళ్లం. అన్నం పొయ్యి మీద పెట్టి ఒక ఆకు, పిల్లను పడుకోబెట్టి ఇంకో ఆకు. కరిగించడం, అతకడం మాత్రం నాన్న చేతి పని. మంట దగ్గర కూర్చున్నవాడే పనివాడు. మిగిలినవాళ్లం ‘సాయం’ చేసేవాళ్లం. వస్తువు పూర్తయ్యేది మంట దగ్గర గనక కొట్టుకు తీసుకుపోయేది ఆయనే, మజూరి అందుకునేదీ ఆయనే. నేను మా నాన్నను తప్పుపట్టడం లేదు. ఆయనకు వచ్చే మజూరే తక్కువ. కానీ ఆ తక్కువ మజూరిలో మా అమ్మ గంటలు ఎన్నో ఎవరూ ఎన్నడూ లెక్కపెట్టలేదు.

అందుకే నేను నేర్పేటప్పుడు మొదట మంటే నేర్పుతున్నాను. దానికి సులువైన దారి అతుకు లేకుండా తీగను తీగకే కరిగించి కలపడం. శుద్ధ వెండి దాదాపు 962 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర కరుగుతుంది. తీగను ఉంగరంలా వంచి, రెండు కొసలూ సందు లేకుండా ఆనించాలి. వెలుతురు తగ్గించుకుంటే రంగు తెలుస్తుంది. మంటను అతుకు చోట మాత్రమే పెట్టకుండా చుట్టూ తిప్పుతూ ఉండాలి. తీగంతా ఎర్రబారి, ఒక్కసారి పైన పాదరసంలా తళుక్కుమంటుంది. ఆ తళుకు కొసలు కలిసేచోట పరుగెత్తగానే మంట తీసేయాలి. ఆలస్యమైతే ఉంగరం కరిగి ముద్దవుతుంది. ముద్దయినా వెండి వెండే, మళ్లీ కరిగించి లాగుకోవచ్చు. ఇందులో వెలిగారం కూడా అక్కరలేదు. రాగి కలిసిన వెండికి మాత్రం ఇది కుదరదు. నూటికి 92.5 పాళ్ల వెండి దాదాపు 800 డిగ్రీల దగ్గరే కరగడం మొదలవుతుంది, పైన నల్లబడుతుంది, కొసలు శుభ్రంగా కలవవు.

ఈ పద్ధతిలో ఉంగరాలు, గొలుసు కొక్కేలు, కడియాలు, చట్రాలు చేయవచ్చు. చట్రం లోపలి సన్న తీగలకు ఇది పనికిరాదు. చట్రం వేడెక్కేలోపే అవి కరిగిపోతాయి, అక్కడ అతుకే వాడాలి. కానీ ఒక గొలుసును మొదటి నుంచి చివరిదాకా ఒక స్త్రీ తానే పూర్తి చేసిందంటే ‘సాయం’ అనే మాట అక్కడ చెల్లదు. ఆమె కొట్టు మెట్లెక్కి తన వస్తువు ధర తానే అడగవచ్చు.

ఆరోగ్యం సంగతి కూడా ఉంది. బంగారం కొట్లలో కె.డి.ఎం. అనే మాట మీరంతా విన్నారు. అది కాడ్మియం పేరు నుంచి వచ్చిందే. కొన్ని వెండి అతుకుల్లోనూ కాడ్మియం కలుపుతారు. అది 767 డిగ్రీల దగ్గరే మరిగి ఆవిరవుతుంది. ఊపిరితిత్తులకు, మూత్రపిండాలకు హాని చేస్తుంది. ఇది మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థమని 1993లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ తేల్చింది. ఫ్యాక్టరీ అయితే తనిఖీ చేయమని అడగవచ్చు. మన ఇంట్లో అదే గది వంటిల్లు, అదే పిల్లలు పడుకునే చోటు. కాబట్టి కాడ్మియం లేని అతుకే ఇమ్మని సరుకు ఇచ్చేవాళ్లను అడగాలి. కిటికీ తెరిచి మంట దగ్గర కూర్చోవాలి. పైట బిగించి కట్టుకోవాలి, నైలాను చీరతో మంట దగ్గరికి పోకూడదు.

ఇక చట్టాల సంగతి. ఇంటి నుంచి పనిచేసేవాళ్లకూ మిగతా కార్మికులతో సమానమైన హక్కులుండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో 177వ ఒడంబడిక చేసింది. 1972లో అహ్మదాబాద్‌లో ఇలా భట్ మొదలుపెట్టిన ‘సేవ’ దానికోసం ఎంతో పనిచేసింది. మన దేశం ఆ ఒడంబడికను ఆమోదించలేదు. 2008 అసంఘటిత కార్మికుల చట్టంలో, తర్వాత 2020 సామాజిక భద్రతా స్మృతిలో, ఇంటి నుంచి పనిచేసే కార్మికులెవరో నిర్వచించారు. నిర్వచనం ఉన్నంతలో మజూరి పెరగదు.

2023 సెప్టెంబరు 17న పి.ఎం. విశ్వకర్మ పథకం వచ్చింది. 18 వృత్తుల్లో కంసాలి పని ఒకటి. శిక్షణ, పనిముట్లకు 15,000 రూపాయలు, తక్కువ వడ్డీకి అప్పు ఉన్నాయి. కానీ కుటుంబానికి ఒక్కరికే నమోదు. కుటుంబమంటే భర్త, భార్య, పెళ్లికాని పిల్లలు. ఆ ఒక్కరు ఎవరవుతారో మీకు నేను చెప్పనక్కరలేదు. ఇద్దరు చేసే పనికి ఒకే కార్డు ఇచ్చాక, రెండో మనిషి పనివాళ్ల లెక్కలో ఉండదు. భౌగోళిక గుర్తింపు చట్టంలో అలాంటి అడ్డు లేదు. 1999 నాటి ఆ చట్టం ప్రకారం ఆ వస్తువు తయారుచేసే ఎవరైనా తన పేరుతో అధీకృత వినియోగదారుగా నమోదుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. మనవాళ్లలో ఎంతమందికి ఆ సంగతి చెప్పాం?

సంఘాల్లో పనిచేసే మీకు నేను మూడు పనులు ఒప్పజెప్తున్నాను. మొదటిది, ప్రతి స్త్రీ దగ్గరా ఒక నోటుబుక్కు ఉండాలి. తీసుకున్న వెండి ఎన్ని గ్రాములు, ఇచ్చిన వస్తువు ఎన్ని గ్రాములు, మిగిలిన ముక్కలు, రజను ఎంత, పట్టిన గంటలెన్ని అని రాసుకోవాలి. తరుగు పేరుతో మజూరిలో కోత పెట్టినప్పుడు నోటి మాట నిలవదు, ఆ పుస్తకం నిలుస్తుంది. రెండోది, కుటుంబానికి ఒక్కరే అన్న నిబంధన మార్చాలని మహిళా సంఘాలన్నీ కలిసి విజ్ఞాపన ఇవ్వాలి. మూడోది మీ సర్వే కాగితాల గురించి. ‘ఇంటి పెద్ద వృత్తి ఏమిటి’ అని అడిగి ఊరుకుంటే ‘కంసాలి’ అని ఒకే మాట రాస్తారు. తీగ ఎవరు మెలిపెడతారు, ఎవరు నింపుతారు, ఎవరు అతుకుతారు, ఎవరు తోముతారు అని విడివిడిగా అడగండి. ఆ జవాబులు ఇంట్లో ఆడవాళ్ల నోటి నుంచే వినండి.

నా మాటల్లో మీ ప్రాంతపు పనికి సరిపోనివి ఉంటే ఇప్పుడే అడగండి. మాట్లాడుకుందాం.