మత్తులో చేశాడంటే సరిపోతుందా?



కిందటి నెల మాకు తెలిసినావిడ మా ఇంటికొచ్చారు. కాఫీ అందిస్తూ చూశాను, ముంజేయి కమిలి ఉంది. "తలుపు తగిలిందండీ" అన్నారు ముందు. తర్వాత ఏడ్చేశారు. కాలేజీలో చదివే కొడుకు నిద్రమాత్రలకు అలవాటు పడ్డాడట. డబ్బులేదంటే తోసేశాడట. "మత్తులో ఏం చేస్తున్నాడో వాడికే తెలీదండీ. నలుగురికీ తెలిస్తే పోలీసులు పట్టుకుపోరూ?" అన్నారు.

తల్లి మనసు అలాగే అంటుంది. చట్టం అలా అనదు. 1954లో, పంజాబు వైపు అప్పుడుండిన పెప్సూ రాష్ట్రంలో, ఒక పెళ్ళి భోజనాల దగ్గర తాగి ఉన్న మాజీ సైనికుడొకడు, పక్కకు జరగమంటే జరగలేదని పదిహేను పదహారేళ్ళ కుర్రాణ్ణి పిస్తోలుతో కాల్చి చంపాడు. మత్తులో జరిగిందన్న వాదనను 1956లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. హత్యానేరం, యావజ్జీవ శిక్ష ఖాయమయ్యాయి. అప్పుడది తాగుడు, ఇప్పుడు మాత్రలు. సూత్రం ఒకటే. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ అంతే. తెలియకుండానో, బలవంతానో ఎవరైనా మత్తు ఎక్కించి, ఒళ్ళు తెలియని స్థితిలో చేస్తే వేరుగానీ, తనంతట తాను పుచ్చుకున్నవాడికి అది సాకు కాదు.

అయితే చట్టానికి దయ లేదనుకోకండి. 1985 నవంబరు 14న మాదకద్రవ్యాల చట్టం అమల్లోకి వచ్చింది. నిద్రమాత్రల్లో ఉండే ఆల్ప్రాజొలామ్ కూడా దాని కిందికే వస్తుంది. అందులో 64-ఎ అని ఒక సెక్షనుంది. అలవాటుపడినవాడు వాడినందుకో, కొద్దిపాటి సరుకు దగ్గరున్నందుకో పట్టుబడ్డా, తానై ముందుకొచ్చి, ప్రభుత్వ ఆసుపత్రిలోనో ప్రభుత్వ గుర్తింపు ఉన్న కేంద్రంలోనో చికిత్స చేయించుకుంటే, ఆ నేరానికి విచారణ ఉండదు. మధ్యలో మానేస్తే మాత్రం ఆ రక్షణ తీసేయవచ్చు. ఒకరి మీద చెయ్యి చేసుకున్న నేరానికి మాత్రం ఈ సెక్షను అక్కరకు రాదు.

చూశారా, దెబ్బ పడకముందు దారి ఉంది. పడ్డాక మూసుకుపోతుంది. మనం పరువని దాచేది సరిగ్గా ఆ ముందు రోజుల్నే!

ఇంట్లో నిద్రమాత్రలుంటే లెక్కపెట్టి బీరువాలో పెట్టండి. అనుమానం వస్తే 14446కు ఫోను చేయండి, డబ్బు పడదు. ఆవిడ చేశారు. పోయిన వారం కొడుకును వెంటబెట్టుకుని ఆసుపత్రికి వెళ్ళారు. నయమవుతుందో లేదో నేను చెప్పలేను. కానీ, ఆ రోజు ఆవిడ కమిలిన చేతిని కొంగు కింద దాచుకోలేదు.

సెలవు.